మా చోళ్లకు మేమే ధర చెప్పాం

శ్రీకాకుళం జిల్లా మందస మండలంలో కొండ దిగువన మా ఊరు. మేం సవర గిరిజనులం. ఊళ్లో పదకొండుమంది ఆడవాళ్లం కలిసి చోడిపిండి (మేం చోళ్లనేవి రాగులే), సామ బియ్యం, గింజ తీసిన చింతపండు ప్యాకెట్లు చేసి అమ్ముతున్నాం. ఈమధ్య మెళియాపుట్టి వైపు నుంచి, సీతంపేట కొండల నుంచి ఆడవాళ్లు ఫోన్ చేసి అడుగుతున్నారు. లోన్ ఎలా వచ్చింది, ఏ కాగితాలు పెట్టారు, మిషన్ ఎంతయింది అని. ఫోన్‌లో చెబితే సగం చేరుతుంది, సగం పోతుంది. అందుకే మేం ఏం చేశామో రాసి పెడుతున్నాను.

ముందు ఒక మాట. మా దగ్గరికి వచ్చే ఆఫీసర్లు మెచ్చుకుంటూ, "మీరు కొత్తగా వ్యాపారం నేర్చుకున్నారమ్మా" అంటుంటారు. వ్యాపారం మాకు కొత్త కాదు. మా అమ్మమ్మ నెత్తిన గంప పెట్టుకుని కొండ దిగి సంతకి నడిచేది. కొండచీపుర్లు, అడ్డాకులు, కుంకుళ్లు, నల్లజీడి గింజలు, చింతపండు, చోళ్లు, సామలు. ఏ నెలలో ఏది తేవాలో, ఏది ఎంత ఎండితే నిలవ ఉంటుందో ఆమెకి తెలిసినంత ఎవరికీ తెలీదు. సరుకు ఆమెది. ధర మాత్రం షావుకారు చెప్పేవాడు. కొలిచే కుంచం కూడా అతనిదే. కుంచం మీద గుట్టగా పోయించుకుని ఒక కుంచం కిందే లెక్క కట్టేవాడు. ఆమె ఏమీ అనలేకపోయేది. ఎందుకంటే వానాకాలంలో ఉప్పు, నూనె, ఎండుచేపలు, బట్టలు అతని కొట్టులోనే అరువు తెచ్చుకుంది. పంట రాకముందే పంట అతనిది అయిపోయేది.

మేం మార్చింది ఆ ఒక్కదాన్నే. మర, ప్యాకెట్లు, లైసెన్సు అన్నీ దాని తర్వాత వచ్చినవి.

మా ఊళ్లో అందరికీ జీడితోటలు ఉండేవి. పలాస, కాశీబుగ్గల్లో జీడిపప్పు ఫ్యాక్టరీలు ఉన్నాయి కాబట్టి పిక్కలు ఎలాగోలా అమ్ముడుపోయేవి. 2018 అక్టోబర్ 11న తిత్లీ తుపాను పలాస దగ్గరే తీరం దాటింది. తెల్లారేసరికి చెట్లన్నీ వేళ్లతో సహా పడిపోయి ఉన్నాయి. మా నాన్న వేసిన తోట, నా పెళ్లినాటికి కాపుకొచ్చిన తోట, ఒక్క రాత్రిలో పోయింది. మళ్లీ అంటు మొక్కలు వేశాం. కానీ జీడిమొక్క చేతికి డబ్బు ఇవ్వాలంటే ఏళ్లు పడుతుంది. మగవాళ్లు చెన్నై, హైదరాబాద్ పనులకి వెళ్లిపోయారు. ఊళ్లో ఆడవాళ్లం, ముసలివాళ్లం, పిల్లలం మిగిలాం. తోట పోయినా కొండవాలున చోళ్లు, సామలు, కందులు పండుతూనే ఉన్నాయి. వాటి మీదే బతకాలి. అలాంటప్పుడు వాటికి వచ్చే ధర గురించి ఆలోచించకుండా ఎలా ఉంటాం?

మాకు డ్వాక్రా సంఘం ముందు నుంచీ ఉంది. 2000లో వెలుగు ప్రాజెక్టు మొదలుపెట్టిన ఆరు జిల్లాల్లో మన శ్రీకాకుళం, విజయనగరం రెండూ ఉన్నాయి. మా అమ్మ అప్పటి సభ్యురాలు. నెలనెలా పొదుపు, అప్పు, పుస్తకంలో రాయడం మాకు అలవాటే. మేం చేసిన మొదటి పని ఏంటంటే, సంఘం డబ్బుని వానాకాలంలో తిండి ఖర్చుకి అప్పు ఇవ్వడం. అంతకుముందు సంఘం అప్పు అంటే పెళ్లికో, ఇల్లు కప్పుకోడానికో, ఆస్పత్రికో. "ఉప్పూ నూనెకి సంఘం అప్పేటి?" అని పెద్దవాళ్లు కోప్పడ్డారు. మా అప్ప, అంటే మా అక్క, వాళ్లకి నచ్చజెప్పింది. మా అప్పకి చదువు రాదు. లెక్క మాత్రం నోటితోనే వేస్తుంది. "షావుకారు దగ్గర 500 రూపాయల సామాను తెస్తే కోతలప్పుడు రెండు కుంచాలు ఎక్కువ పోస్తున్నాం. సంఘానికి కడితే వడ్డీ మన డబ్బాలోనే పడతాది" అంది. ఆ ఏడు పదకొండు ఇళ్లు షావుకారు బాకీ లేకుండా కోతకి వచ్చాయి. ఆ ఇళ్లే తర్వాత మా జట్టు అయ్యాయి.

అడుగుతున్నవాళ్లకి నేను గట్టిగా చెప్పేది ఇదే. బాకీ తీరకుండా మర పెట్టకండి. మరలో ఆడించడానికి మీ సరుకు మీ చేతిలో ఉండాలి.

బాకీ లేకపోయేసరికి అమ్మడానికి తొందర పోయింది. కోతలయ్యాక చోళ్లు రెండు నెలలు ఇంట్లోనే ఉంచుకోగలిగాం. అప్పుడు మద్దతు ధర సంగతి అడిగి తెలుసుకున్నాం. 2024-25కి చోళ్ల మద్దతు ధర క్వింటాలుకు 4,290 రూపాయలు, 2025-26కి 4,886 రూపాయలు. సంతలో మాకు అంత ఎప్పుడూ రాలేదు. గిరిజన సహకార సంస్థ (జీసీసీ) వాళ్లు 1956 నుంచీ అడవి సరుకు కొంటున్నారు, చింతపండు, కొండచీపుర్లు వాళ్లకి వేసినవాళ్లు మాలోనూ ఉన్నారు. అయితే గింజగా ఎవరికి అమ్మినా ధర అవతలివాళ్లదే. పిండి చేసి మా పేరు వేసుకుంటేనే ధర రాసుకునే చోటు మాకు దొరుకుతుంది.

ఏం చేయాలో తేల్చుకోడానికే చాలాకాలం పట్టింది. కొందరు అడవి సరుకుని గిరిజనులే తయారుచేసి అమ్ముకునే వన్‌ధన్ కేంద్రం పెట్టమన్నారు. అది 2018లో వచ్చిన పథకం, దాదాపు 300 మంది సభ్యులు కలిసి ఒక కేంద్రం అవ్వాలి. పెద్ద ఊళ్లకి, దగ్గర దగ్గర ఊళ్లకి అది బాగుంటుంది. మాది చిన్న ఊరు, చుట్టుపక్కల గూడేలకి దారి లేదు. అందుకని పదకొండుమందితోనే పీఎంఎఫ్‌ఎంఈ కింద వెళ్లాం. చిన్న ఆహార యూనిట్ల కోసం 2020లో కేంద్రం తెచ్చిన పథకం అది. మేం పెట్టుకున్నప్పుడు యూనిట్ ఖర్చులో 35 శాతం సబ్సిడీ, ఎక్కువలో ఎక్కువ 10 లక్షలు. 10 శాతం మనం పెట్టుకోవాలి, మిగతాది బ్యాంకు అప్పు. సంఘాల్లో ఉన్న ఆడవాళ్లకి పెట్టుబడికని మనిషికి 40,000 దాకా వేరేగా వచ్చేది.

ఏది తయారుచేయాలన్న దాంట్లో చోళ్లు ముందు పెట్టుకోడానికి కారణం ఉంది. చోడిగింజకి గట్టి పొట్టు ఉండదు. శుభ్రం చేసి నేరుగా ఆడించుకోవచ్చు. సామలు అలా కాదు, పొట్టు తీసే మిషన్ వేరేగా కావాలి. రోట్లో దంచితే నాలుగు కేజీలకే చేతులు పడిపోతాయి. పైగా సామ బియ్యంలో తవుడు ఉండటం వల్ల నూనె వాసన తొందరగా వస్తుంది. కాబట్టి సామలు కొంచెం కొంచెంగా, ఆర్డర్ ఉన్నంతే చేస్తాం. చింతపండుకి మిషనే అక్కర్లేదు. చేతులు, ఓపిక ఉంటే చాలు. 100 కేజీల చింతకాయలో గుజ్జు 55 కేజీలు, గింజ 34, మిగతాది పెంకు, పీచు. గింజ కూడా పారేసేది కాదు, పిండి మిల్లులవాళ్లు కొంటారు. మేం గింజ తీయకుండా అమ్మినన్నాళ్లూ ఆ గింజ డబ్బు కూడా షావుకారుకే వెళ్లింది.

ఇప్పుడు లెక్క. దీన్ని రాసుకోకుండా ఎవరూ మొదలుపెట్టకండి. మా మొదటి ఏడాది లెక్క ఇది. 100 కేజీల చోళ్లు మా ఆడవాళ్ల దగ్గరే కేజీ 45కి కొన్నాం. 4,500. రాయి, మట్టి, తాలు తీస్తే 4 కేజీలు పోయింది. ఆడించడంలో ఇంకో 2 కేజీలు. చేతికొచ్చిన పిండి 94 కేజీలు. అర కేజీ ప్యాకెట్లు 188 అయ్యాయి, కవరూ స్టిక్కరూ కలిపి ఒక్కోదానికి 4 రూపాయలు, 752. కూలి 900, కరెంటు 200, ఆటో 300. మొత్తం 6,652. అంటే కేజీ పిండి మాకే దగ్గర దగ్గర 71 రూపాయలు పడింది. కొట్టుకి 90కి ఇచ్చాం. కేజీకి 19 మిగులుతుంది. బ్యాంకు కిస్తీ నెలకి సుమారు 7,800. 400 కేజీలకి పైన అమ్మితేగాని కిస్తీ తేలదు. ఈ లెక్క చూసి మొదట అందరం భయపడ్డాం. కానీ ఆ లెక్కలో ఇంకో సంగతి ఉంది. సంతలో 30, 32కి పోయే చోళ్లకి అప్పటికే 45 చేతికి వచ్చేసింది, కూలి కూడా మాకే వచ్చింది. ఆ రెండూ కలిపితే లాభం కంటే పెద్దవి.

కాగితాల సంగతి చెప్తాను. ఇక్కడే అందరికీ టెన్షన్.

ఆధార్‌లో పేరు, బ్యాంకు పుస్తకంలో పేరు, కుల ధ్రువపత్రంలో పేరు ఒకటే ఉండాలి. మా ఆడవాళ్లలో చాలామందికి మూడూ మూడు రకాలు. పుట్టింటి పేరు ఒకచోట, అత్తింటి పేరు ఒకచోట, ఎవరో విన్నట్టు రాసేసినది ఇంకోచోట. ముందుగా వాటిని సరిచేయించుకోండి, మిగతావన్నీ దాని వెనకే వస్తాయి. మాకు ఈ పనంతా చేసిపెట్టింది మా పక్కూరి అమ్మాయి. ఆశ్రమ పాఠశాలలో చదివి, ఇంటర్ పాసై, మందసలో చిన్న నెట్ సెంటర్ పెట్టుకుంది. సెకండ్‌హ్యాండ్ కంప్యూటర్, ఒక ప్రింటర్, ఒక బల్ల. కొండ మీద నుంచి వచ్చిన ముసలమ్మలతో సవరలో మాట్లాడి, వాళ్లు చెప్పినది తెలుగులో, ఇంగ్లిష్‌లో నింపుతుంది. నా దృష్టిలో మా కొండ కింద ఉన్న వ్యాపారాలన్నిటిలో ఆ బల్ల చాలా విలువైనది. చిన్న వ్యాపారాలకి చేసే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉచితం అని మాకు చెప్పింది ఆమే. ఆధార్, పాన్ కావాలి, గవర్నమెంటు సైట్లో పైసా తీసుకోరు. అదే పనికి వేలు అడిగే సైట్లు ఉన్నాయి, వాటి జోలికి వెళ్లకండి.

ఆహార లైసెన్సు, అంటే ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ, మాలాంటి చిన్నవాళ్లకి రిజిస్ట్రేషన్‌తో సరిపోతుంది. మేం తీసుకున్నప్పుడు ఏడాదికి 12 లక్షల లోపు అమ్మకం ఉంటే రిజిస్ట్రేషన్, రుసుము ఏడాదికి 100 రూపాయలు. 14 అంకెల నంబరు వస్తుంది. ఆ నంబరు లేకుండా పట్నంలో ఏ కొట్టూ ప్యాకెట్ పెట్టుకోదు. గది శుభ్రంగా ఉండాలి, నీళ్లు పరీక్ష చేయించాలి. మేం గది గోడలకి సున్నం వేసి, కిటికీలకి జాలీ కొట్టి, చెప్పులు బయట విడిచే అరుగు కట్టాం. ఎలుక రాకుండా గుమ్మం కింద రేకు వేశాం.

ఇక బ్యాంకు. మేం వెళ్లిన చోట మొదట అడిగిన ప్రశ్న, "మీ ఆయన పేరున భూమి ఉందా?" అని. ఉన్నది కొండ మీద అటవీ హక్కుల పట్టా. అందులో భర్త పేరుతో పాటు భార్య పేరు కూడా ఉంటుంది, 2006 చట్టంలోనే అలా రాశారు. అంటే భూమి నా పేరునా ఉంది. అయితే ఆ పట్టాని అమ్మడానికీ వీల్లేదు, తనఖా పెట్టడానికీ వీల్లేదు. పిల్లలకి వారసత్వంగా వెళ్తుంది, అంతే. అది మా మంచికే. లేకపోతే ఈపాటికి ఎంతమంది కొండ భూములు ఎవరి చేతుల్లో ఉండేవో! కానీ బ్యాంకులో ఆ మాట చెప్పగానే, "అయితే ఎవరైనా ఉద్యోగస్తుణ్ణి జామీను తెండి" అన్నారు. మా ఊళ్లో ఉద్యోగస్తులు ఎక్కడున్నారు?

వెలుగు ఆఫీసులో సంఘాల పని చూసే ఏపీఎం మేడమ్‌కి ఈ సంగతి చెప్పాం. ఆవిడ ఒక కాగితం తీసి చూపించారు. చిన్న పరిశ్రమలకి 10 లక్షల లోపు అప్పుకి తనఖా అడగకూడదని అప్పట్లో ఆర్‌బీఐ ఆదేశం ఉండేది. ఆ కాగితం జిరాక్స్ పట్టుకుని మళ్లీ వెళ్లాం. మా పిన్ని బాగా పెద్దది, సవరే మాట్లాడుతుంది, తెలుగు తక్కువ. బ్యాంకులో కుర్చీలో కూర్చుని మెల్లగా అంది, "బాబూ, అవ్వదంటే అవ్వదని రాసిచ్చీ. మేం పట్టుకెళ్లిపోతాం." ఆ బాబు కాగితం చదివాడు, ఫైలు తీసుకున్నాడు. తర్వాత అతనే వచ్చి గది చూసి వెళ్లాడు, మంచిగానే మాట్లాడాడు. రూలు అతనికీ తెలియక అలా అన్నాడేమో. తెలిసి అన్నా సరే, మేం తెలుసుకుని వెళ్లాం కాబట్టి పని అయింది.

మా యూనిట్ ఖర్చు 4 లక్షలు వేశాం. మేం పెట్టినది 40,000. మిగతా 3,60,000 బ్యాంకు. సబ్సిడీ 1,40,000 వచ్చింది, కానీ చేతికి రాలేదు. ఇక్కడ చాలామంది తికమకపడుతున్నారు, అందుకే వివరంగా చెప్తున్నాను. సబ్సిడీ డబ్బు మూడేళ్లు బ్యాంకులోనే పక్కన ఉంటుంది. యూనిట్ నడుస్తూ, కిస్తీలు సరిగ్గా కట్టి ఉంటే అప్పుడు మన అప్పులో తీసేస్తారు. సబ్సిడీ వస్తుంది, దాంతో పిల్ల పెళ్లి చేద్దాం అనుకుంటే కుదరదు.

మర కొనేముందు కరెంటు చూసుకోవాలి. మా ఊరికి ఉన్నది సింగిల్ ఫేజ్. సాయంత్రమైతే బల్బే మసకబారుతుంది. అమ్మేవాళ్లు పెద్ద మోటారు చూపించి, గంటకి ఇంత పిండి పడుతుంది అంటారు. ఆ మోటారుకి త్రీ ఫేజ్ కావాలి. మేం సింగిల్ ఫేజ్ మీద తిరిగే చిన్న పిండిమరే తీసుకున్నాం. అది కూడా పొద్దున్నే వేస్తాం, వోల్టేజీ బాగుంటుంది. మరని రోడ్డు దగ్గర గదిలో పెట్టాం, ఆటో అక్కడిదాకా వస్తుంది కాబట్టి. చెరగడం, ఏరడం, ఎండబెట్టడం మాత్రం కొండ మీద ఇళ్ల దగ్గరే. ముసలివాళ్లు కిందికి దిగలేరు. వాళ్లని దిగమంటే వాళ్ల కూలి పోతుంది. చేటతో చెరగడంలో వాళ్లకున్న చేతివాటం మాకు లేదు, ఏ మిషన్‌కీ లేదు.

మొదట్లో వచ్చిన పెద్ద ఫిర్యాదు ఇసక. జావ తాగితే పంటికింద గరగరమంటోందని కాశీబుగ్గ కొట్టువాళ్లు ప్యాకెట్లు వెనక్కి పంపారు. చోళ్లు చిన్న గింజ, కళ్లంలో నేల మీద నూర్చితే మట్టిరేణువు గింజంతే ఉంటుంది, చేటలో విడిపోదు. అప్పటి నుంచి కళ్లంలో బరకం (టార్పాలిన్) పరిచి దాని మీదే నూర్చాలని కట్టుబాటు పెట్టుకున్నాం. జట్టులో లేనివాళ్ల దగ్గర కొన్నా బరకం మీద నూర్చిన చోళ్లకే పూర్తి ధర. సంఘం డబ్బుతో బరకాలు కొని ఇళ్లకి ఇచ్చాం. ఆడించేముందు నీళ్లలో కడిగి, రెండెండలు బాగా ఎండబెడతాం. గింజని పళ్ల మధ్య పెట్టి కొరికితే టక్కుమనాలి. మెత్తగా నలిగితే ఇంకా తేమ ఉన్నట్టే.

పిండి మరలోంచి వేడిగా దిగుతుంది. వేడిగా ఉన్నప్పుడే ప్యాకెట్ కడితే లోపల చెమట పట్టి ఉండలు కడుతుంది, బూజు కూడా వస్తుంది. పెద్ద పళ్లేల్లో పలచగా పరిచి, గుడ్డ కప్పి, పూర్తిగా చల్లారాకే సీలు వేయాలి. మేం రెండు నెలల గడువు వేస్తున్నాం. వానాకాలంలో అంతకంటే తక్కువే ఉంచుతాం.

ప్యాకెట్ మీద ఏం రాయాలో కూడా రూలు ఉంది. సరుకు పేరు, బరువు, తయారైన తేదీ, గడువు, అన్ని పన్నులూ కలిపి ఎమ్మార్పీ, బ్యాచ్ నంబరు, మన చిరునామా, ఫిర్యాదుకి ఫోన్ నంబరు, లైసెన్సు నంబరు, ఆకుపచ్చ చుక్క. కాశీబుగ్గలో ప్రింటింగ్ చేసే అబ్బాయి ఇవన్నీ సర్ది, పైన అందంగా ఉంటుందని ఒక గిరిజన స్త్రీ బొమ్మ వేశాడు. తలలో ఈకలు, మెడలో పూసలు, నాట్యం చేస్తున్నట్టు. మా పిన్ని ఆ కాగితం చేతిలోకి తీసుకుని చాలాసేపు చూసింది. "ఈ మనిషెవరు? ఏ ఊరిది?" అంది. ఆ అబ్బాయికి తెలీదు, నెట్లో దొరికింది. ఆ బొమ్మ తీసేయమన్నాం. చోడికంకి బొమ్మ, కింద మా ఊరి పేరు పెద్ద అక్షరాల్లో. తినేవాళ్లకి ఏ ఊరి నుంచి వచ్చిందో తెలియాలి. మా పనికి మా ఊరి పేరు చాలు.

ధర 55 అని అర కేజీ ప్యాకెట్ మీద అచ్చయి వచ్చిన రోజున అప్ప ఒక ప్యాకెట్ పట్టుకుని, ఆ అంకె చూపించి నన్ను రెండుసార్లు చదివించుకుంది. ధర మా చేత్తో రాయించినది. దాన్ని బేరం ఆడటానికి ఎవరికీ వీల్లేదు.

అమ్మకం మాత్రం తేలికైంది కాదు. కొట్టువాళ్లు నెల అరువు అడుగుతారు. మాకు అంత పెట్టుబడి లేదు. ముందు మందసలోనే మొదలుపెట్టాం. మందస కోవా కొనడానికి, వాసుదేవ పెరుమాళ్ గుడికి బయటూళ్ల నుంచి జనం వస్తారు. ఒక కోవా కొట్టాయన పక్కన బల్ల వేసుకోనిచ్చాడు. కోవా కొన్నవాళ్లు చోడిపిండి కూడా కొనేవారు. తర్వాత విశాఖలో ఉన్న మన జిల్లావాళ్లు ఫోన్ చేసి తెప్పించుకోవడం మొదలైంది. 2023ని చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించాక పట్నంవాళ్లు చోళ్ల గురించి చాలా అడుగుతున్నారు. 100 గ్రాముల చోళ్లలో 300 మిల్లీగ్రాములకి పైగా కాల్షియం ఉంటుందని వాళ్లే మాకు చెప్తుంటారు. మేం పుట్టినప్పటి నుంచీ అంబలి తాగుతున్నవాళ్లం. వాళ్లు వాళ్ల భాషలో చెప్తే సంతోషంగానే వింటాం.

విత్తనం గురించి కూడా ఒక మాట. విజయనగరం వ్యవసాయ పరిశోధన కేంద్రం చాలా చోడి రకాలు తెచ్చింది. వేగవతి, సువర్ణముఖి అని మన నదుల పేర్లే పెట్టారు. దిగుబడి బాగుంటుంది. సగం చేలో అవి వేస్తున్నాం, సగంలో మా పాత కొండ చోళ్లే. అంబలికి పాతవే రుచి అని పెద్దవాళ్లు అంటారు. నేనూ అదే అంటాను.

మేం ఒక్కళ్లమే కాదు, మా చుట్టూ ఇంకా ఉన్నారు. మా వదిన అడ్డాకుల విస్తర్లు కుట్టేది. వెదురు పుల్లలతో రెండు వరసలుగా కుట్టి, కట్టలు కట్టి, సంతలో వేసేది. ఇప్పుడు ఆకుని అచ్చులో పెట్టి నొక్కే ప్రెస్ మిషన్ పెట్టుకుంది. 2022 జూలై 1 నుంచి ప్లాస్టిక్ ప్లేట్లు నిషేధించాక ఆమెకి పెళ్లిళ్ల సీజన్‌లో ఊపిరాడదు. ఆకు కోతకి వెళ్లేవాళ్లకి కట్టకి ఇంత అని ముందే చెప్పి, ఆ రోజే ఇచ్చేస్తుంది. సీతంపేట కొండల్లో ఒక జాతాపు తెగ చెల్లెమ్మ పసుపు ఉడకబెట్టి, ఎండబెట్టి, పొడి కొట్టి అమ్ముతోంది. ఒకసారి శిక్షణలో కలిశాం, ఇప్పుడు ఆమె పసుపు మా బల్ల మీద, మా పిండి ఆమె బల్ల మీద. కొండ మలుపు దగ్గర ఇంకో అత్త ఎండాకాలమంతా చోడి అంబలి, మజ్జిగ, పచ్చిమిరపకాయ పెట్టి అమ్ముతుంది. బస్సు డ్రైవర్లు ఆగి తాగి వెళ్తారు. ఆమెకి మేం పిండి అరువు ఇస్తాం. ఆమె ఒక్క నెల కూడా డబ్బు ఆపలేదు. వీళ్లెవరికీ బోర్డు లేదు, ఫొటోలు లేవు. వీళ్ల గురించి ఎవరైనా రాస్తారేమోనని చాలాకాలం చూశాను.

ఒక విషయంలో మేం గట్టిగా నిలబడ్డాం. కందికొత్తల పండగ చేయకుండా కొత్త కంది మేం ముట్టం, తినం. ఒక ఏడు పట్నం నుంచి ఒకాయన కంది పప్పుకి పెద్ద ఆర్డర్ ఇస్తానన్నాడు, పండగకి ముందే కావాలన్నాడు. డబ్బు ఎక్కువే. కూర్చుని మాట్లాడుకున్నాం. వద్దన్నాం. పండగ అయ్యాక ఫోన్ చేసి, ఇప్పుడు ఇస్తాం అన్నాం. తీసుకున్నాడు, ధర కూడా తగ్గించలేదు. మర మాది, ధర మాది అయినప్పుడు ఎప్పుడు అమ్మాలో కూడా మాదే కావాలి కదా.

మా పాత షావుకారు ఇప్పుడూ సంతకి వస్తాడు. మా ఊళ్లో జట్టులో లేనివాళ్లు అతనికే వేస్తారు. కానీ కుంచం పోయింది, కాటా వచ్చింది. మేం ఎంతకి కొంటున్నామో ముందు అడిగి, దానికి ఒకటో రెండో తక్కువలో అతను ధర చెప్తున్నాడు. అది కూడా అందరికీ మేలే అయింది.

రావాలనుకునేవాళ్లు చోడి కోతలయ్యాక, సంక్రాంతి వెళ్లాక రండి. అప్పుడు మర రోజూ తిరుగుతుంది, ఏరడం నుంచి సీలు దాకా అన్నీ చూడొచ్చు. మీ ఊళ్లో కరెంటు ఏ ఫేజో, మీ సంఘం పుస్తకంలో నిల్వ ఎంతో, ఎవరికి ఎంత బాకీ ఉందో రాసుకుని తెచ్చుకోండి. కూర్చుని మీ లెక్క కూడా వేసుకుందాం.